తైవాన్ పంపుకు మసి పడితే మనమేం చేయాలి?

సంచికకు ఏదైనా వ్యాసం రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, వ్యక్తిత్వ వికాసం గురించి రాద్దామా అని ఆలోచించాను. చివరకు మన అందరి ఇళ్ళకూ పనికివచ్చే విషయం ఒకటి రాద్దామనిపించింది. మనలో చాలామంది ఇళ్ళల్లో నాన్నో, అన్నో, బాబాయో మందు కొట్టడానికి వెళ్తుంటారు. వాళ్ళు వీపుకు తగిలించుకునే పవర్ స్ప్రేయర్‌నే మనం తైవాన్ పంపు అంటాం. ఆ ఇంజనుకు మసి ఎందుకు పడుతుంది, దాన్ని మనమే ఎలా శుభ్రం చేసుకోవాలి, గాలి లోపలికి వెళ్ళే దారిలో లీకు వస్తే ఎలా బాగుచేసుకోవాలి అనేదే ఈ వ్యాసం. ఇందులో ఫిజిక్స్ ఉంది, కెమిస్ట్రీ ఉంది, మన కూలి డబ్బులూ ఉన్నాయి.

మన నేలకూ ఈ యంత్రానికీ సంబంధం

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వదిలాక గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యవసాయం మారిపోయింది. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు, నరసరావుపేట, ప్రత్తిపాడు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ముఖ్యమైన పంటలయ్యాయి. ఈ రెండూ పురుగుకు ఇష్టమైన పంటలే. తెల్లదోమ, శనగపచ్చ పురుగు, గులాబీ రంగు పురుగు, తామర పురుగు ఇలా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలిచే పురుగు మందులు కొంతకాలం తగ్గాయి కానీ రసం పీల్చే పురుగుల బెడద పోలేదు. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు వచ్చిపడినప్పుడు పూతంతా రాలిపోయి, వారానికి రెండుసార్లు కూడా మందు కొట్టిన రైతులు ఉన్నారు.

చేతి పంపుతో ఎకరం కొట్టే సమయంలో పవర్ స్ప్రేయర్‌తో ఎన్నో రెట్లు కొట్టవచ్చు. కాబట్టి కూలికి వెళ్ళేవాళ్ళు కూడా అప్పో సప్పో చేసి సొంత పంపు కొనుక్కున్నారు. పంపు ఉన్నవాడికి ట్యాంకు లెక్కన కూలి వస్తుంది. మందు కొట్టేది తెల్లవారుజామున, లేదా ఎండ తగ్గాక సాయంత్రం. ఆ రెండు మూడు గంటల్లో ఇంజను మొరాయిస్తే ఆ పూట కూలి పోయినట్టే. పురుగు ఉధృతంగా ఉన్న వారంలో పంపు మూలపడితే రైతు ఇంకొకరిని పిలుచుకుంటాడు. మళ్ళీ మనల్ని పిలుస్తాడన్న నమ్మకం లేదు.

ముందు ఇంజను ఎలా పనిచేస్తుందో చూద్దాం

మన పంపుల్లో ఎక్కువగా ఉండేది 26 సీసీ టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజను. సీసీ అంటే ఘన సెంటీమీటరు. 26 సీసీ అంటే రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు పట్టేంత జాగా కూడా కాదు. కానీ అది నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 చుట్లు. అంటే సెకనుకు వందసార్లు గాలీ పెట్రోలూ పీల్చుకుని, వందసార్లు కాల్చి, వందసార్లు పొగ వదలాలి.

టూ స్ట్రోక్ ఇంజనుకు మన ట్రాక్టరుకు ఉన్నట్టు వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకే రంధ్రాలు ఉంటాయి. వీటిని పోర్టులు అంటారు. పిస్టన్ పైకీ కిందకీ ఆడుతూ తానే తలుపులాగా వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది.

పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కింద క్రాంకు గదిలో ఖాళీ ఏర్పడి పీడనం తగ్గుతుంది. అప్పుడు ఇన్‌టేక్ పోర్టు తెరుచుకుని కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన మిశ్రమం క్రాంకు గదిలోకి వస్తుంది. అదే సమయంలో పిస్టన్ పైన మిశ్రమం నొక్కబడి ప్లగ్గు నిప్పురవ్వతో మండుతుంది. ఆ మంట పిస్టన్‌ను కిందకు తోస్తుంది. పిస్టన్ కిందకు వచ్చేటప్పుడు ముందు ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుని పొగ సైలెన్సర్‌లోకి పోతుంది. ఆ వెంటనే ట్రాన్స్‌ఫర్ పోర్టు తెరుచుకుని క్రాంకు గదిలోని కొత్త మిశ్రమం పైకి వస్తుంది. ఒక చుట్టులోనే అంతా అయిపోతుంది.

ఈ పద్ధతిలో రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఈ ఇంజనుకు వేరే ఆయిల్ గది లేదు. బేరింగులకూ పిస్టన్‌కూ నూనె అందేది పెట్రోలులో కలిపిన 2టి ఆయిల్ ద్వారానే. రెండు, పాత పొగ సాఫీగా బయటకు పోతేనే కొత్త మిశ్రమానికి లోపల చోటు దొరుకుతుంది. మసి సమస్య రెండో దానికి సంబంధించింది. గాలి లీకు మొదటి దానికి సంబంధించింది.

మసి ఎందుకు పడుతుంది?

పెట్రోలు, ఆయిలు రెండూ హైడ్రోకార్బన్లే. ఆక్సిజన్ సరిపడా అంది పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. సరిగా మండకపోతే కార్బన్ మిగిలిపోతుంది. వంట చెరుకు పచ్చిగా ఉంటే గిన్నె అడుగున మసి పట్టినట్టే. ఇంజనులో అయితే ఆ కార్బన్ ఆయిల్ జిగురుతో కలిసి గట్టి పెచ్చుగా మారుతుంది. దీనికి ముఖ్య కారణాలు:

1. ఆయిల్ ఎక్కువ కలపడం. "నాలుగు చుక్కలు ఎక్కువైతే ఇంజనుకు మంచిదే" అని చాలామంది అనుకుంటారు. ఆ ఎక్కువైన నాలుగు చుక్కలే సైలెన్సర్‌లో మసి అవుతాయి.

2. 2టి ఆయిల్ బదులు మోటారు సైకిల్ ఇంజన్ ఆయిల్ గానీ, తీసేసిన పాత ఆయిల్ గానీ కలపడం. ఆ ఆయిళ్ళు కాలిపోవడానికి చేసినవి కావు. బూడిదను, పెచ్చును మిగులుస్తాయి.

3. గాలి ఫిల్టరుకు దుమ్ము, దూది నూగు పట్టడం. మన పత్తి చేలల్లో ఇది మామూలే. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై మసి వస్తుంది.

4. చోకు సగం వేసి ఉంచి నడపడం, ఇంజనును ఎప్పుడూ తక్కువ వేగంతోనే నడపడం.

మసి పేరుకునే చోట్లు ఎగ్జాస్ట్ పోర్టు, సైలెన్సర్ మూతి, దానిలోని జాలీ, పిస్టన్ తల, రింగుల గాడి, ప్లగ్గు కొన. గుర్తులు ఏమిటంటే, ఇంజను స్టార్టు అవుతుంది కానీ వేగం పెంచితే లాగదు. గొంతు పట్టేసినట్టు శబ్దం వస్తుంది. పొగ ఎక్కువగా వస్తుంది. సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుతుంది. ఒక్కోసారి స్విచ్ ఆపినా కాసేపు నడుస్తుంది. లోపలి మసి నిప్పు కణికలాగా ఎర్రబడి ప్లగ్గు అవసరం లేకుండానే మిశ్రమాన్ని అంటించడం దీనికి ఒక కారణం.

గాలి లీకు అంటే?

కార్లలో కార్బొరేటర్ లేదా థ్రాటిల్ నుంచి సిలిండర్ల దాకా గాలిని తీసుకుపోయే గొట్టాన్ని ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటారు. మన పంపులో ఇది బొటనవేలంత ముక్క మాత్రమే. కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య నల్లటి బేకలైట్ ముక్క ఉంటుంది. మెకానిక్కులు ఇన్సులేటర్ అంటారు. దానికి అటూ ఇటూ కాగితం ప్యాకింగులు ఉంటాయి. సిలిండర్ వేడి కార్బొరేటర్‌కు చేరి పెట్రోలు ఆవిరైపోకుండా ఆపడం దీని పని.

ప్యాకింగు చిరిగినా, బోల్టులు వదులైనా, ఇన్సులేటర్ వంగినా, పగిలినా అక్కడి నుంచి ఉత్త గాలి లోపలికి వస్తుంది. ఇంజను పీల్చే పీల్పులో కొంత అక్కడే తీరిపోతుంది కాబట్టి కార్బొరేటర్ నుంచి పెట్రోలు తక్కువ వస్తుంది. పెట్రోలు తగ్గితే దానిలోని ఆయిల్ కూడా తగ్గుతుంది. ఇంజను వేడెక్కుతుంది, నూనె అందదు. చివరకు పిస్టన్ వేడికి ఉబ్బి బోరును పట్టేస్తుంది. దీన్నే సీజ్ కావడం అంటారు.

గుర్తులు మసికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంటాయి. ఇంజను దానంతటదే రేజ్ అవుతుంది. యాక్సిలరేటర్ వదిలినా వేగం వెంటనే దిగదు. పొగ చాలా తక్కువ. ప్లగ్గు కొన తెల్లగా ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మసి పట్టిన ఇంజను మొరాయించి మనకు ముందే చెబుతుంది. గాలి లీకైన ఇంజను మాత్రం చచ్చిపోయే ముందు చాలా హుషారుగా తిరుగుతుంది.

నేను చేసిన తప్పు

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 2021లో నేను డిగ్రీలో ఉన్నాను. మా నాన్న అప్పు చేసి ఒక పాత పంపు కొన్నాడు. నల్ల తామర పురుగు వచ్చిన ఆ సీజనులో ఇంజను లాగడం మానేసింది. ఒక షాపుకు తీసుకువెళ్తే బోరు, పిస్టన్ పోయాయని మార్చారు. మూడు వారాలు తిరగకముందే మళ్ళీ అదే జబ్బు. ఈసారి షాపుకు వెళ్ళడానికి డబ్బుల్లేవు. నేను ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి సైలెన్సర్ విప్పాం. చిటికెన వేలు పట్టాల్సిన పొగ దారి పెన్సిల్ ముల్లు పట్టేంత మిగిలింది. జబ్బు అక్కడుంటే మేము బోరు మార్పించుకున్నాం.

మసి మొత్తం గీకాను. ఆ ఊపులో కార్బొరేటర్ కూడా విప్పి కడిగాను. ప్యాకింగు చిరిగింది. షాపు దూరం, తెల్లారితే పని ఉంది. చిరిగిన ప్యాకింగునే సర్ది బిగించేశాను. ఇంజను ఒక్క గుంజుకే స్టార్టయి మోగిపోయింది. "మా వాడు కాలేజీలో చదువుతున్నాడు, కొత్త పంపులా చేశాడు" అని నాన్న చుట్టుపక్కల వాళ్ళకు చెప్పాడు. నాకూ గర్వంగానే అనిపించింది. మూడో రోజు ఉదయం చేను మధ్యలో ఇంజను పట్టేసింది. కొత్తగా వేయించిన బోరు, పిస్టన్ గీతలు పడి పనికిరాకుండా పోయాయి. మళ్ళీ డబ్బు సర్దుకునే లోపల అయిదు రోజుల పని పోయింది. పంట బాగా దెబ్బతిన్న ఆ ఏడాది మాకు అయిదు రోజుల కూలి అంటే చిన్న విషయం కాదు.

నాన్న నన్ను ఏమీ అనలేదు. "విప్పడం తెలిసింది కదా, ఈసారి బిగించడం నేర్చుకో" అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇది మామూలు ఇంజను కాదు, పురుగు మందు తడిసిన ఇంజను. కాబట్టి:

– ట్యాంకులోని మందు పూర్తిగా తీసేసి, పంపును ఆరుబయట సబ్బు నీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. ఆ నీళ్ళు బావి, చెరువు, పశువుల తొట్టి దగ్గర పోయకూడదు.

– చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

– జెట్‌లను నోటితో ఊదకూడదు. పెట్రోలును నోటితో పీల్చి తీయకూడదు. మన ఊళ్ళల్లో అందరూ చేసే పని ఇదే. పెట్రోలే విషం, దానికి పురుగు మందు తోడైతే చెప్పేదేముంది. సైకిల్ పంపు వాడండి.

– ఇంజను పూర్తిగా చల్లారాలి. పెట్రోలు తీసి మూత ఉన్న డబ్బాలో దూరంగా పెట్టాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేల మీదుగా పాకి దూరంగా ఉన్న పొయ్యికి కూడా అంటుకోగలదు. దగ్గరలో బీడీ, పొయ్యి ఉండకూడదు.

– ప్లగ్గు క్యాపు ఊడదీసి పక్కకు పెట్టాలి. పొరపాటున తాడు గుంజినా ఇంజను స్టార్టు కాకూడదు.

పైసా ఖర్చు లేని దానితో మొదలుపెట్టాలి

ఇంజను లాగకపోతే వెంటనే బోరు మీద అనుమానం పడకూడదు. తేలికైన దాని నుంచి కష్టమైన దానికి ఈ వరుసలో వెళ్ళాలి.

మొదట గాలి ఫిల్టరు. స్పాంజిని సబ్బు నీళ్ళలో పిండి, పూర్తిగా ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిల్ పట్టించి పెట్టాలి. ఫిల్టరు తీసేసి మాత్రం నడపకూడదు. మన నల్లరేగడి దుమ్ము బోరును గరుకు కాగితంలా అరగదీస్తుంది.

రెండోది పెట్రోలు. నెలల తరబడి నిల్వ ఉన్నదైతే మార్చాలి.

మూడోది ప్లగ్గు. ప్లగ్గు కొన రంగు ఇంజనుకు నాడి లాంటిది. ఇటుక రంగు, చాక్లెట్ రంగు అయితే ఆరోగ్యం. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ, లేదా గాలి తక్కువ. తెల్లగా పాలిపోతే గాలి లీకు లేదా పెట్రోలు తక్కువ. ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి, మధ్య సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండేలా చూడాలి.

నాలుగోది సైలెన్సర్, అయిదోది ఇన్సులేటర్, ఆరోది కార్బొరేటర్. బోరు, పిస్టన్, రింగుల వంతు అన్నిటికన్నా చివర.

మసి తీసే పద్ధతి

1. సైలెన్సర్ బోల్టులు విప్పి సైలెన్సర్ తీయాలి. సిలిండర్‌కు ఉన్న ఎగ్జాస్ట్ పోర్టు కనిపిస్తుంది.

2. తాడును నెమ్మదిగా లాగుతూ పిస్టన్ గోడ ఆ పోర్టును పూర్తిగా మూసేలా ఆపాలి. ఇలా చేస్తే గీకిన మసి లోపల పడదు. ప్లగ్గు దాని రంధ్రంలోనే ఉండాలి.

3. వెదురు పుల్లను గానీ, పుల్ల ఐసు కర్రను గానీ చెక్కి దానితో గీకాలి. స్క్రూడ్రైవర్, హాక్సా బ్లేడు వాడకూడదు. పిస్టన్ అల్యూమినియంతో చేసినది, మెత్తన. చాలా బోర్ల లోపల పల్చటి క్రోమ్ పూత ఉంటుంది. ఇనుము గీత పడితే అక్కడి నుంచి కంప్రెషన్ పోతుంది. సూత్రం ఒక్కటే, గీకే వస్తువు మసి కంటే గట్టిగా, లోహం కంటే మెత్తగా ఉండాలి.

4. ఇంజనును పోర్టు కిందకు వచ్చేలా వంచి సైకిల్ పంపుతో గాలి కొట్టాలి. గుడ్డతో తుడవాలి.

5. సైలెన్సర్‌ను డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టాలి. డీజిల్ కార్బన్‌ను కరిగించదు కానీ దాన్ని పట్టి ఉంచే ఆయిల్ జిగురును వదులు చేస్తుంది. ఉదయం చెక్కతో మెల్లగా కొడితే పెచ్చులు రాలతాయి. మూతిని, జాలీని తీగ బ్రష్‌తో రుద్దాలి. తరువాత బాగా ఆరనివ్వాలి.

6. కొందరు సైలెన్సర్‌ను పొయ్యిలో పెట్టి కాలుస్తారు. మందు అంటిన సైలెన్సర్ పొగ పీల్చడం ప్రమాదం. కాస్టిక్ సోడా కూడా వద్దు. అది చేతులను కాలుస్తుంది, అల్యూమినియంను తినేస్తుంది.

7. జాలీ మూసుకుపోతోందని దాన్ని తీసి పారేయకూడదు. నిప్పురవ్వలను ఆపేది అదే. ఎండిన పత్తి కట్టె మధ్య నడిచేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

8. నడుస్తున్న ఇంజను కార్బొరేటర్‌లో నీళ్ళ చుక్కలు వేసి మసి దించే పద్ధతి ఒకటి కొందరు మెకానిక్కులు చెబుతారు. టూ స్ట్రోక్‌కు ఇది వద్దు. ఇందులో మిశ్రమం క్రాంకు గది మీదుగానే వెళ్తుంది కాబట్టి ఆ నీళ్ళు బేరింగులను తుప్పు పట్టిస్తాయి.

పిస్టన్ తల మీది మసి, రింగుల గాడిలోని మసి తీయాలంటే సిలిండర్ మొత్తం పైకి లాగాలి. తాడు లాగితే చేతికి ఒత్తిడి తగలనప్పుడే ఈ పనికి దిగాలి. మొదటిసారి తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకుని చేయండి. రింగు పెళుసు, ఎక్కువ విప్పితే విరుగుతుంది. గాడిలో చిన్న పిన్ను ఉంటుంది. రింగు మూతులు సరిగ్గా ఆ పిన్ను దగ్గరే కలవాలి. లేకపోతే రింగు కొన పోర్టులో తట్టుకుని విరుగుతుంది. సిలిండర్ కింది ప్యాకింగు తప్పకుండా కొత్తది వేయాలి.

గాలి లీకు పట్టుకోవడం, బాగుచేయడం

ఇంజను తక్కువ వేగంతో నడుస్తుండగా ఇన్సులేటర్ అతుకుల మీద ఇంకు ఫిల్లరుతో ఒక్కో చుక్క 2టి ఆయిల్ వేయాలి. చుక్క లోపలికి లాగబడినా, ఆ క్షణంలో శబ్దం మారినా లీకు అక్కడే. పెట్రోలు చల్లి చూడటం ప్రాణాలతో చెలగాటం. చేయవద్దు.

లీకు దొరికాక ఇంజను ఆపి, చల్లారాక కార్బొరేటర్, ఇన్సులేటర్ విప్పాలి. పాత ప్యాకింగు పెచ్చులను పుల్లతో తీసేయాలి. ఇన్సులేటర్ ముఖాన్ని గాజు పలక మీద పెట్టి చూడాలి. ఆడుతుంటే వంగినట్టు. గాజు మీద 400 నంబరు ఎమరీ కాగితం పరచి, నీళ్ళు చల్లి, ఇన్సులేటర్‌ను గుండ్రంగా సమానంగా రుద్దితే ముఖం చదునవుతుంది. గాజే ఎందుకంటే మన ఇళ్ళల్లో దొరికే వస్తువుల్లో దానంత చదునైనది ఇంకొకటి లేదు. ఇన్సులేటర్ పగిలితే మాత్రం ఎం-సీల్ పెట్టి అతికించవద్దు. వేడికి, పెట్రోలుకు అది నిలబడదు. కొత్తది వేయాలి. బోరు ఖరీదు ముందు దాని ఖరీదు ఎంతో తక్కువ.

కొత్త ప్యాకింగు దొరకకపోతే ప్యాకింగు కాగితం తెచ్చి మనమే కోసుకోవచ్చు. పాత ప్యాకింగును అచ్చుగా పెట్టి పెన్సిల్‌తో గీసి కత్తిరించాలి. మధ్య రంధ్రం ఏమాత్రం చిన్నది కాకూడదు. పీచులు లోపలికి వేలాడకూడదు. చెట్లు కోసే రంపాలు, గడ్డి కోసే యంత్రాల వంటి కొన్నిటిలో ప్యాకింగుకు పక్కన ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు తోడే పొరకు క్రాంకు గది పీడనం అందేది దాని ద్వారానే. ప్యాకింగు తిరగేసి పెడితే అది మూసుకుపోయి పెట్రోలు రాదు. మందపాటి అట్టముక్క, సైకిల్ ట్యూబు ముక్క ప్యాకింగుగా పనికిరావు.

బిగించేటప్పుడు ఒక బోల్టు పూర్తిగా, తరువాత రెండోది అని చేయకూడదు. కొంచెం అటు, కొంచెం ఇటు మార్చి మార్చి బిగించాలి. బలం ఉంది కదా అని మితిమీరి బిగిస్తే ఇన్సులేటర్ వంగేది అప్పుడే. బిగించాక మళ్ళీ ఆయిల్ చుక్క పరీక్ష చేయాలి. నేను ఆ రోజు చేయనిది ఈ ఒక్క నిమిషం పనే.

మళ్ళీ మసి పడకుండా

మీ యంత్రం మీద గానీ, దాని పుస్తకంలో గానీ ఆయిల్ పాలు రాసి ఉంటుంది. 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. 30:1 అయితే 33 మిల్లీలీటర్లు. 50:1 అయితే 20 మిల్లీలీటర్లు. మందు సీసా మూతతో కొలవకూడదు. సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి కొని దీనికోసమే పెట్టుకోండి. ముందు వేరే డబ్బాలో పెట్రోలు, ఆయిలు కలిపి బాగా కుదిపి ఆ తరువాతే ట్యాంకులో పోయాలి. సీజనులో వారానికి ఒకసారి ఫిల్టరు, నెలకు ఒకసారి ప్లగ్గు, సైలెన్సర్ మూతి చూసుకుంటే మసి పెచ్చు కట్టదు. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో పెట్రోలు అయిపోయేదాకా నడిపి దాచిపెట్టాలి.

కార్లకూ ఇదే కథ

ఉద్యోగాల్లో స్థిరపడి కార్లు కొన్న అన్నలకు కూడా ఒక మాట. మామూలు పెట్రోలు కార్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనక చిమ్మబడి దాన్ని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో కార్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పోతుంది. కాబట్టి ఇంజను నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వుల వెనక కాలి పెచ్చు కడుతుంది. డీజిల్ బండ్లలో కాలుష్యం తగ్గించడానికి కొంత పొగను మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపుతారు. ఆ మసి, ఆయిల్ ఆవిరి కలిసి మానిఫోల్డ్‌లో తారులా పేరుకుంటాయి. పెట్రోలులో కలిపే మందు సీసాలు డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వులను కడగలేవు, పెట్రోలు అక్కడికి పోదు కాబట్టి. అలాంటి చోట మానిఫోల్డ్ విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. ఎందుకు అక్రోటు పెంకే? మసి కంటే గట్టిది, లోహం కంటే మెత్తనిది. లక్షల రూపాయల కారుకైనా మన వెదురు పుల్ల సూత్రమే. తిరిగి బిగించేటప్పుడు మానిఫోల్డ్ ప్యాకింగు కొత్తది వేయాలన్నదీ అదే.

చివరిగా

తమ్ముళ్ళూ, టెన్త్‌లో పీడనం గురించి, అసంపూర్ణ దహనం గురించి, లోహాల వ్యాకోచం గురించి చదివి పరీక్షలో రాసి మరచిపోతాం. అవన్నీ మన ఇంటి మూలలో ఉన్న పంపులోనే ఉన్నాయి. ఈ సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో పంపు ఉంటే సైలెన్సర్ విప్పి చూడండి. నాన్నను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయనకు శబ్దం తెలుసు, మీకు కారణం తెలుసు. రెండూ కలిస్తే బోరు మార్చే ఖర్చు మిగులుతుంది. విప్పిన ప్రతిసారీ కొత్త ప్యాకింగు వేయడం మాత్రం మరవకండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)